మా ఇంటి మీద నిఘా ఉందని నమ్మిన రోజులు

ఆ రోజు మధ్యాహ్నం మా అమ్మాయి కాలేజీ నుంచి వచ్చి, చెప్పులైనా విప్పకుండా కిటికీ తలుపులు మూసేసింది. ఎందుకే అంటే నోటి మీద వేలు పెట్టుకుంది.

"కింద టీ కొట్టు కాడ ఇద్దరు నిలబడ్డరమ్మా. నా ఎంబడే ఒచ్చిన్రు. నాన్న కోసం చూస్తున్నరు."

నేను ఒక తలుపు కొంచెం తెరిచి చూశాను. నిజంగానే ఇద్దరు మగవాళ్ళు నిలబడి టీ తాగుతున్నారు. టీ కొట్టు దగ్గర టీ తాగేవాళ్ళు కాక ఇంకెవరుంటారు? ఆ ముక్క అప్పుడు నాకు తట్టలేదు. గబుక్కున తలుపు మళ్ళీ మూసేశాను.

అలా భయపడటానికి కారణం ఉంది. అవి తెలంగాణ ఉద్యమం మంచి ఊపు మీద ఉన్న రోజులు. మా ఆయన ఆర్టీసీలో కండక్టరు, డిపోలో యూనియన్ మనిషి. ధర్నా అన్నా రాస్తారోకో అన్నా ముందు వరసలో ఉండేవాడు. దిల్‌సుఖ్‌నగర్‌లో నాకొక చిన్న మ్యాచింగ్ సెంటర్ ఉంది. చీరలకు జాకెట్ ముక్కలు, ఫాల్స్, లైనింగులు అమ్ముతాను. బంద్‌ల వల్ల షట్టర్ తెరిచిన రోజుల కంటే దించిన రోజులే ఎక్కువ. మా ఇల్లు ఎల్బీనగర్ దగ్గర ఒక కాలనీలో, కిరాయికి. చౌరస్తాలో ఎప్పుడు చూసినా పోలీసు వ్యాన్లే. మఫ్టీ పోలీసులు తిరుగుతున్నారనీ ఫోన్లు వింటున్నారనీ పాలు పోసే మనిషి దగ్గర్నుంచి అందరూ చెప్పుకునేవారు.

మా అమ్మాయిని ఇక్కడ మౌనిక అంటాను. అప్పుడు ఇంటర్ రెండో సంవత్సరం. సాయంత్రం వాళ్ళ నాన్న రాగానే గుసగుసగా సంగతంతా చెప్పింది. ఆయన భయపడలేదు సరికదా, ముఖం వెలిగిపోయింది. "శభాష్ బిడ్డా! గాళ్ళు ఇంటెలిజెన్సోళ్ళే. మంచిగ కనిపెట్టినవ్" అని వీపు తట్టాడు. ఫోన్ తీసి బ్యాటరీ ఊడబీకి బియ్యం డబ్బాలో పెట్టాడు. మా పిల్ల జబ్బు మొదటి లక్షణానికి ఇంట్లో దొరికిన వైద్యం అదీ.

ఆ తర్వాత రోజూ ఏదో ఒకటి. బస్సులో నీలం చొక్కా ఆయన తననే చూశాడు. కాలేజీ గేటు దగ్గర పల్లీలమ్మే మనిషి మారిపోయాడు. పై వాటాలో ఉండే రత్నం ఆంటీ మన ఇంటికి ఎవరెవరు వస్తున్నారో లెక్క రాసుకుంటోంది. రత్నం ఆంటీ వాళ్ళది గుంటూరు వైపు. వచ్చి చాలా ఏళ్ళయింది, మనిషి మంచిదే. కానీ ఆ రోజుల్లో ఎవరిది ఏ ఊరు అన్నది ముందు గుర్తొచ్చేది. పైగా నాది పుట్టుకతోనే అనుమానపు బుద్ధి. హోల్‌సేల్ వాడు ఇచ్చిన గుడ్డ తాను నా టేపుతో మళ్ళీ కొలవనిదే సంచిలో పెట్టను. మౌనిక ఆ మాట అనగానే, అవును కదా, నేను గేటు తీసినప్పుడల్లా ఈమె పైనుంచి తొంగి చూస్తుంది కదా అనుకున్నాను. ఆమెతో మాటలు మానేశాను.

మాటలు మానేసిన ఆ ఆంటీయే ఒక రోజు మెట్ల మీద నన్ను ఆపింది. "ఏమీ అనుకోకమ్మా. పిల్ల డాబా మీద ఒక్కతే మాట్లాడుకుంటోంది. నవ్వుకుంటోంది కూడానూ. ఎవరికైనా చూపించరాదూ?" అంది.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "మా పిల్ల చదువుకుంటది ఆంటీ. పైకి చదువుతది. మీరు జర మీ పని చూసుకోండి" అని వచ్చేశాను. మా పిల్లకు పిచ్చి అని కాలనీ అంతా చాటుతుందేమోనని ఒకటే అనుమానం.

నిజానికి నేనూ చూస్తూనే ఉన్నాను. స్నానం చెయ్యమంటే రెండు రోజులకొకసారి. జడ వేసుకోదు. కాలేజీ రికార్డు పుస్తకాలన్నీ ఖాళీ. నిద్ర లేక కళ్ళు గుంటలు పడ్డాయి. "గీ పరిస్థితుల్ల ఎవరు నిద్రపోతున్నరు?" అనేవాడు మా ఆయన. మేమెవరమూ నిద్రపోయేవాళ్ళం కాదు మరి.

తర్వాత, ఆర్టీసీ వాళ్ళు కూడా దిగిన సకల జనుల సమ్మె అయిపోయింది. బస్సులు కదిలాయి, మా ఆయన డ్యూటీ ఎక్కాడు, చౌరస్తాలో వ్యాన్లు తగ్గాయి. నా దుకాణానికి గిరాకీ వచ్చింది. మౌనిక భయం మాత్రం ఇంకా పెరిగింది. ఒక సాయంత్రం టీవీ ముందు నిలబడి, కింద వార్తల స్క్రోలింగ్‌లో నాన్న పేరు పోయిందని అరిచింది. ఆయన స్టూలు వేసుకుని కూర్చుని ఆ స్క్రోలింగ్ మొత్తం మళ్ళీ వచ్చేదాకా చదివాడు. మళ్ళీ మళ్ళీ చదివాడు. పేరు రాలేదు. "తీసేసిన్రు. మనం చూస్తున్నమని తెలిసి తీసేసిన్రు" అంది మౌనిక. నేనూ మా ఆయనా ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం.

వీధి చివరి డాక్టరు గారు రక్తపరీక్షలు రాశారు. థైరాయిడ్ నార్మల్. విటమిన్లు కొంచెం తక్కువ. "ఎంసెట్ టెన్షనమ్మా, ఈ ఏజ్‌లో కామన్" అని టానిక్ ఇచ్చారు. మా అత్తమ్మ పోచంపల్లి నుంచి వచ్చి దిగింది. పిల్లను చూడగానే, "గాలి సోకింది. గీమెకు దవాఖానలతోని కాదు" అని తేల్చేసింది. నాకేమో ఎవడైనా పిల్లవాడు వెంటపడుతున్నాడా, దాన్ని కప్పిపుచ్చుకోవడానికి ఈ పోలీసు కథలు చెబుతోందా అని అనుమానం. బ్యాగు వెతికాను. పుస్తకాల అట్టలు విప్పి చూశాను. ఏమీ దొరకలేదు. నేను వెతికినట్టు దానికి తెలిసిపోయింది. ఆ రోజు నుంచి బ్యాగు తల కింద పెట్టుకుని పడుకునేది.

ఒక మధ్యాహ్నం దుకాణానికి ఫోన్ వచ్చింది. "అమ్మా, మీ పాప మా పోలీస్ స్టేషన్ల ఉంది. జర ఒచ్చి తీస్కపోండ్రి."

నేను ఆటోలో ఏడ్చుకుంటూ వెళ్ళాను. మా ఆయన యూనియన్ వాళ్ళను నలుగురిని వెంటేసుకుని, నినాదాలకు సిద్ధమై వచ్చాడు. లోపల మౌనిక బల్ల మీద కూర్చుని ఉంది. ముందు గ్లాసులో నీళ్ళు పెట్టారు, ముట్టుకోలేదు. తనను ఎవరూ పట్టుకు రాలేదు. కాలేజీకి పోకుండా తనే నడుచుకుంటూ స్టేషన్‌కు వచ్చి, మా ఇంటి ముందున్న మనుషులను తీసెయ్యండి అని ఎస్సైని అడిగిందట.

ఆ ఎస్సై మా ఆయనను చూసి నవ్వలేదు, కసురుకోనూ లేదు. "అన్నా, బందోబస్తుకే మాకు మనుషులు చాల్తలేరు. మీ ఇంటి ముందర నిలబడేటంత తీరిక ఎవరికున్నది? పాపకు పానం మంచిగ లేనట్టుంది. దవాఖానకు తీస్కపోండ్రి" అన్నాడు.

తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో మా ఆయన గొణిగాడు. "గట్లనే అంటరు. నిఘా పెట్టినమని ఒప్పుకుంటరా?"

"అవు నాన్నా, గదే నేను గూడ అంటున్న" అంది మౌనిక.

ఇద్దరి మాటా ఒక్కటైపోయింది. ఇన్నాళ్ళూ పిల్ల చెప్పేది మేం నమ్ముతున్నామనుకున్నాను. పిల్లకు ఆ నమ్మకం పోకుండా చూస్తున్నది కూడా మేమేనని అప్పుడు తెలిసింది.

మలక్‌పేట వైపు ఒక ఆస్పత్రిలో అడాలసెంట్ క్లినిక్ అని, ఈ వయసు పిల్లల మానసిక సమస్యలకు, వారానికొకసారి ఉంటుందని వీధి డాక్టరు గారే చెప్పారు. "నా బిడ్డ పిచ్చిదా?" అని మా ఆయన ఎగిరాడు. ఎర్రగడ్డ పిచ్చాసుపత్రి కాదు కదా, ఒకసారి చూపిద్దాం అని నేనే బలవంతం చేశాను. వెయిటింగ్ హాలులో తల్లులందరం కొంగులు ముఖం మీదికి లాక్కుని కూర్చున్నాం. ఎదురు బెంచీలో నా దుకాణానికి వచ్చే ఒకావిడ కనిపించింది. పక్కన ఆమె కొడుకు. నన్ను చూసి గోడ వైపు తిరిగింది. నేనూ ఫ్యాన్ వైపు చూశాను. రేపు ఈమె ఎవరికి చెబుతుందోనని నా భయం నాది.

డాక్టరమ్మ మాట ఆంధ్ర వైపు మాట. తలకు ఎం.ఆర్.ఐ., ఇ.ఇ.జి. చేయించండి అని రాసింది. తర్వాత మమ్మల్ని బయటికి పొమ్మని మౌనికతో ఒంటరిగా మాట్లాడింది. తలుపు అవతల ఏం అడుగుతోందో, పిల్ల ఏం చెబుతోందోనని నా ప్రాణం కొట్టుకుంది. తర్వాత మమ్మల్ని పిలిచి మా ఆయనను అడిగింది: "మీరు ఉద్యమంలో ఉన్నారటగా. మీ మీద ఎప్పుడైనా కేసు గానీ, నిఘా గానీ నిజంగా ఉందా?"

మా ఆయన ముఖం మారిపోయింది. కుర్చీలోంచి లేచి నా చెవిలో, "గామెకెందుకు గీ ముచ్చట? గామె గుడ గాళ్ళ మనిషేనేమో" అన్నాడు. చెవిలో అన్నాడన్నమాటే గానీ గదిలో అందరికీ వినిపించింది.

మౌనిక తండ్రి చెయ్యి పట్టుకుంది. "చూసినవా నాన్నా? నేను చెప్తలేనా?"

డాక్టరమ్మ కోప్పడలేదు. "కూర్చోండి. నన్ను అనుమానించినా పర్లేదు. ఒక్కటి మాత్రం చూడండి. బయట భయపడే పరిస్థితి ఉన్నప్పుడు మీరందరూ భయపడ్డారు. అది తగ్గాక మీ భయం తగ్గింది. పాపకు తగ్గలేదు, పెరిగింది. నేను చూసేది అదే" అంది. ఇది సైకోసిస్, అంటే లేనిది ఉన్నట్టు మనసు నమ్మే జబ్బు, మొదటిసారి వచ్చినట్టుందనీ, ఇంకా పెద్ద పేరేదీ ఇప్పుడే పెట్టననీ చెప్పింది.

ఆమె మాట సబబుగానే ఉంది. అయినా నేను పూర్తిగా నమ్మలేదు. స్కానింగ్ నార్మల్, ఇ.ఇ.జి. నార్మల్. అన్నీ నార్మల్ అయితే జబ్బెక్కడుంది, మందెందుకు అని ఒకటే పీకులాట. అప్పటికి మౌనిక మంచినీళ్ళు కూడా సరిగా తాగడం లేదు. అడ్మిట్ చేద్దామంది డాక్టరమ్మ. తలకు కరెంటు షాకు పెడతారేమోనని అడిగాను. "ఇప్పుడు అవసరం లేదమ్మా. ఏది చేసినా మీకు చెప్పే చేస్తాం, పాపకూ చెప్తాం" అంది. వార్డులో నర్సు ఇచ్చే ప్రతి గోళీ పేరు నేను అడిగి, అట్ట మీద సరిచూసుకునేదాన్ని. నర్సులకు నేనంటే చిరాకు. ఉంటే ఉండనీ.

మందు పనిచేసింది. రెండో వారానికి పిల్ల నిద్రపోయింది. ఒక పొద్దున జడ వేయమని అడిగింది. నేను జడ వేస్తూ ఏడుస్తుంటే, "తల లాగుతున్నవమ్మా" అని విసుక్కుంది. ఎన్నాళ్ళ తర్వాతో విన్న మామూలు మాట అది.

ఇంటికి వచ్చాక రోజూ రాత్రి అన్నం తిన్న తర్వాత గోళీ చేతిలో పెట్టేదాన్ని. మింగేది. నేను దుకాణంలో ఉన్నంతసేపూ అత్తమ్మ చూసుకునేది. అంతా గాడిన పడుతోంది అనుకుంటుంటే మళ్ళీ మొదలైంది. "అమ్మా, నా తిండిల ఏదో కల్పుతున్నరు."

డాక్టరమ్మకు ఫోన్ చేస్తే, "ఇది కూడా సింప్టమే అయ్యుండొచ్చు. డోస్ కొంచెం పెంచుదాం" అంది. పెంచాం. పిల్ల చేతులు బిగుసుకుపోయాయి. నడక కర్రలా అయింది, నోట్లోంచి చొంగ కారేది. దానికి ఇంకో గోళీ. అంత మత్తులోనూ అదే మాట. "ఏదో ఉన్నదమ్మా. నువ్వు తినిచూడు." నేను దాని పళ్ళెంలో అన్నం తిన్నాను, పప్పు తిన్నాను. "ఏం లేదు బిడ్డా. నీకు గట్ల అనిపిస్తది అంతే" అన్నాను. అది నా వైపు చూసిన చూపు ఇప్పటికీ నన్ను తినేస్తుంది. ఆ తర్వాత నాతో ఆ మాట అనడం మానేసింది. తినడమూ మానేసింది.

ఒక ఆదివారం మధ్యాహ్నం మజ్జిగ గ్లాసు తీసుకుని నా దగ్గరికి వచ్చింది. మజ్జిగ తాగలేదు. పైన ఉన్నదంతా కిటికీలోంచి పారబోసి, అడుగున మిగిలింది నాకు చూపించింది. "గిదేంది?"

అడుగున బూడిద రంగు మడ్డి. వేలితో తీశాను. ఇసకలా గరగరలాడింది. నేను అన్నం తిన్నాను, పప్పు తిన్నాను కానీ, దాని మజ్జిగ ఎప్పుడూ తాగలేదు.

అత్తమ్మను అడిగాను. ఆమె తడుముకోనైనా లేదు. "మంత్రించిన పొడి. ఊరి కాడ అడిగి తెప్పిచ్చిన. మంచికే ఏసిన. మీ గోళీలతోనే తగ్గుతున్నదనుకుంటున్నవా?"

"ఏమయ్యా, విన్నవా మీ అమ్మ చేసిన పని?" అని మా ఆయన వైపు తిరిగాను. ఆయన ఆశ్చర్యపోలేదు. ఆ పొట్లం ఊరి నుంచి తెచ్చిందే ఆయనట. "అమ్మ మనసు కష్టపెట్టొద్దని తెచ్చిన. విబూదే గద, ఏమైతది?" అన్నాడు.

నాకు ఒళ్ళు తెలియని కోపం వచ్చింది. ఆ పొట్లం తీసి డ్రైనేజీలో పోశాను. చేతికి దొరికిన గిన్నెలు విసిరాను. మౌనిక మాత్రం అరవలేదు. గోడకానుకుని నిలబడి, చాలా మెల్లగా అంది. "పోలీసోళ్ళు ఉన్నరంటే అందరు నమ్మిన్రు. గిది చెప్తె ఒక్కరు గుడ నమ్మలే."

మర్నాడు డాక్టరమ్మకు సంగతంతా చెప్పాను. ఆ పొడిలో ఏముందో ఎవరికీ తెలియదు, మందుతో కలిస్తే ఏమవుతుందో చెప్పలేం అని రక్తపరీక్షలు చేయించింది. దేవుడి దయవల్ల లివర్ బాగానే ఉంది. డోస్ మళ్ళీ తగ్గించింది. తర్వాత మౌనిక వైపు తిరిగి, మా అందరి ముందూ అంది: "నువ్వు చెప్పింది నిజం. నేను కూడా ఇంట్లో కనుక్కోమనకుండానే డోస్ పెంచాను. సారీ అమ్మా." ఆ డాక్టరమ్మ మీద నాకు నమ్మకం కలిగింది ఆ రోజే. అది కూడా పూర్తిగా కాదు లెండి.

అక్కడి నుంచి పిల్లను తిరిగి సంపాదించుకోవడానికి చాలాకాలం పట్టింది. తన వంట తనే చేసుకుంటానంది. సరే అన్నాం. అది వండిందే అందరం తినేవాళ్ళం. ఉప్పు ఎక్కువైనా నోరెత్తలేదు. అత్తమ్మ వారం రోజులు అలిగింది. తర్వాత ఒక రోజు మనవరాలి ముందు కూర్చుని, "చెయ్యగూడని పని చేసిన బిడ్డా. ఇంగ చెయ్య" అంది. నేను మాత్రం ఆమె వంటింట్లోకి పోతే ఇప్పటికీ వెనకాలే పోతాను. రత్నం ఆంటీకి నేనే పైకి వెళ్ళి క్షమించమని చెప్పుకున్నాను. ఆమె గోంగూర పచ్చడి ఇస్తూ, "పాప ఎదురుగా మూత తియ్యమ్మా" అంది. అంత ఇంగితం మా ఇంట్లో ఎవరికీ లేకపోయింది.

పార్లమెంటులో తెలంగాణ బిల్లు పాసైన సాయంత్రం ఎల్బీనగర్ చౌరస్తా అంతా గులాల్, డప్పులు, పటాకులు. ఆ చప్పుడుకు మౌనిక చెవులు మూసుకుని మూలకు చేరింది. మా ఆయన కింద ఎగురుతున్నవాడల్లా పైకి వచ్చేశాడు. ముఖం నిండా గులాల్‌తోనే పిల్ల పక్కన కూర్చున్నాడు. "పటాకులు బిడ్డా. చూస్తవా, నిన్ను పట్టుకోని నిలబడత" అన్నాడు. ఇద్దరూ కిటికీలోంచి కాసేపు చూశారు. ఇన్నేళ్ళూ ఎదురుచూసిన రోజున ఆయన ఇంట్లో కూర్చున్నందుకు నాకు ఆయన మీద ఉన్న కోపం సగం పోయింది. మిగతా సగం ఉంది.

మౌనిక ఒక ఏడాది ఆగి ఇంటర్ పూర్తి చేసింది. దూరవిద్యలో డిగ్రీ చదివి, కొత్తపేటలో ఒక ఆఫీసులో పనిచేస్తోంది. మందు తక్కువ డోస్‌లో నడుస్తోంది. కాస్త లావైంది, అందుకు డాక్టరమ్మతో పోట్లాడుతుంది. ఆలస్యంగా నిద్రపోతే నేను తలుపు దగ్గర నిలబడి వింటాను. ఫోన్లో నవ్వితే ఎవరితో అని అడుగుతాను. "అమ్మా, నీకు గుడ ఒక టోకెన్ తీస్కోమంటవా క్లినిక్‌ల?" అని ఏడిపిస్తుంది.

ఆ మధ్య శ్రావణమాసంలో దుకాణం కిటకిటలాడుతోంది. ఆఫీసులో ఉండాల్సిన మనిషి గుమ్మంలో కనిపించింది. జనాన్ని తోసుకుని నా దగ్గరికి వచ్చి చెవిలో అంది. "అమ్మా, మల్ల షురువైనట్టుంది. పొద్దున బస్సుల అందరు నా గురించే మాట్లాడుతున్నరనిపించింది. అవునో కాదో నాకు తెలుస్తలేదు. పోదాం పా."

కత్తెర అక్కడే పెట్టేశాను. సగం కోసిన జాకెట్ ముక్క పట్టుకుని ఒకామె అరుస్తూనే ఉంది. ఆటోలో దారంతా మౌనిక చెయ్యి పట్టుకునే కూర్చున్నాను. డాక్టరమ్మ చూసి, "త్వరగా వచ్చారు, మంచి పని చేశారు" అని మందు సరిచేసింది. అడ్మిషన్ దాకా పోకుండానే కొన్ని వారాల్లో సర్దుకుంది.

ఇలాంటి పిల్లలున్న తల్లిదండ్రులకు నేను చెప్పేది ఒక్కటే. డాక్టరును అనుమానించండి, గోళీ పేరు పదిసార్లు అడగండి, నన్ను కూడా నమ్మకండి. కానీ మీరిచ్చేది మందైనా విబూదైనా తిండిలో దాచి పెట్టకండి. చెప్పి చేతిలో పెట్టండి. వద్దంటే పోట్లాడండి, ఏడవండి, మర్నాడు మళ్ళీ అడగండి. జబ్బు తిరిగి వచ్చిన రోజు అందరికంటే ముందు తెలిసేది ఆ పిల్లకే. అది చెప్పుకోవడానికి దానికి మీరు మిగిలి ఉండాలి.